పైన పెట్టానమ్మా

నా కొట్టుకి వచ్చే కంప్యూటరు ఏ ఊరిదో సీపీయూ పెట్టె విప్పి చూస్తే చెప్పగలను. గణపవరం వైపు నుంచి వచ్చిందైతే లోపల చేపల మేత పొడి పేరుకుని ఉంటుంది. రైసుమిల్లు ఆఫీసుదైతే ఫ్యాను రెక్కల మీద సన్నటి తవుడు. బడిపంతుళ్ళ ఇళ్ళ నుంచి వచ్చేవాటిలో బల్లి గుడ్లు తప్పవు. చర్చి ఆఫీసుల వాళ్ళు అంచు కుట్టిన గుడ్డ కప్పి శుభ్రంగా తెస్తారు గానీ, లోపల ఉండేది ఆ బల్లే. ఏలూరులో పద్దెనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. కొట్లోకి వచ్చిన మగవాళ్ళు ఇప్పటికీ ముందు నా వెనక్కి తొంగిచూస్తారు.

"మెకానిక్ గారు లేరాండీ?"

"నేనేనండీ."

"ఆయ్, అలాగాండీ," అంటారు. అని, పెట్టెని బల్ల మీద పెట్టకుండా కాసేపు చేతుల్లోనే పట్టుకుని నిలబడతారు.

నా దగ్గరున్న మందులు మూడే. ఆపి మళ్ళీ వెయ్యడం, ర్యామ్ ఊడదీసి పిల్లల రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చడం, అవి రెండూ పని చెయ్యకపోతే ఫార్మాట్ కొట్టడం. మా వైపు ఎవరూ ఫార్మాట్ చెయ్యమని అడగరు, కొట్టమనే అడుగుతారు. కొబ్బరికాయ కొట్టినట్టే, కొట్టేస్తే దోషం పోతుందని వాళ్ళ నమ్మకం. వాళ్ళని నమ్మించింది నాలాంటి వాళ్ళమే. జబ్బేమిటో వెతకడానికి ఓపిక లేని ప్రతిసారీ, "కొట్టేద్దామండీ, కొత్తదానిలా అయిపోతుంది," అంటాం. నిజంగానే కొత్తదానిలా అవుతుంది. కొత్తదాంట్లో ఏమీ ఉండదు కదా.

కొట్టే ముందు ఫైళ్ళు తీసి దాచాలి. ఆ సంగతి జనానికి తలకెక్కించలేక నానా తంటాలు పడ్డాను. నెట్‌లో దాచుకోండి, క్లౌడ్ అని ఒకటుంది అంటే ముక్కున వేలేసుకునేవారు. తెలుగులో చెబుదామని ఒకసారి మబ్బు అన్నాను. పెదపాడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "మబ్బులో పెడితే వానకి తడవవాండీ మరీ?" అని అడిగి కొట్టంతా నవ్వించారు. అప్పటి నుంచి చెయ్యి ఎత్తి చూపించి, "పైన పెట్టండి," అనడం మొదలుపెట్టాను. ఈ మాట పట్టుకుంది. "పైన పెట్టేశానండీ," "పైనుంచి దింపుకున్నానండీ," అని వాళ్ళంతట వాళ్ళే అనసాగారు. ఇంగ్లీషు ముక్క లేకుండా ఇంత పెద్ద సంగతి చెప్పగలిగానని నాకు లోలోపల గర్వంగా ఉండేది. ఆ గర్వం గుర్తొస్తే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

టీచరుగారు మొదటిసారి వచ్చింది ఒక వేసవిలో. కొల్లేరు ఒడ్డున ఉన్న లంక ఊళ్ళో మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. సీపీయూని పాత నేత చీరలో మూటగట్టి, ఆటోలో తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చారు. "దీన్ని ఒళ్ళో పెట్టుకుందామనుకున్నానమ్మా, బరువు ఆగలేదు," అన్నారు. విప్పితే రెండు బల్లి గుడ్లు. ఆవిడ వాటిని కాగితంలోకి తీసుకుని, "పాపం, పిల్లలవనీ," అంటూ కిటికీ గట్టు మీద పెట్టారు. ఎవరి మీదా విసుక్కోకుండా ఉండడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు గానీ, ఆవిడ ముందు నేను గొంతు పెంచింది లేదు.

ఆ కంప్యూటరులో ఏముందో ఆ రోజే చెప్పారు. వాళ్ళ పెరటి తలుపు తీస్తే కొల్లేట్లోకి దిగే తొమ్మిది మెట్లున్నాయి. పెళ్ళయిన కొత్తలో వాళ్ళాయన, ఆయనా టీచరే, రోజూ పొద్దున్న ప్రార్థన అయ్యాక ఆ తలుపు తీసి నీళ్ళు ఎన్నో మెట్టు దాకా వచ్చాయో నోటుపుస్తకంలో రాసేవారు. పై నుంచి లెక్క. మొదటి మెట్టు మునిగిందంటే ఇంట్లోకి రావడమే. మెట్టుతో మొదలైనది తర్వాత నీళ్ళ రంగు, వచ్చిన పక్షులు, వలలో పడ్డ చేపలు, ఇంట్లో వాళ్ళ ఒంట్లో ఎలా ఉందో దాకా పాకింది. రోజుకి నాలుగైదు వాక్యాలు, అంతే. ఆయన పోయాక ఆవిడ రాస్తున్నారు. ఒక్క రోజూ తప్పలేదు.

"ఆయన పోయిన రోజు కూడా రాశానమ్మా. జనం వచ్చేలోపల ఒక్కసారి తలుపు తీసి మెట్టు చూసి వచ్చాను. ఎవరికైనా చెబితే పిచ్చిదనుకుంటారు," అన్నారు.

రిటైరయ్యాక టైపు నేర్చుకుని, నోటుపుస్తకాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించారు. నాలుగేళ్ళు పట్టిందట. ఎక్కించడం అయిన మరుసటి వానాకాలం కొల్లేరు మొదటి మెట్టు దాటి ఇంట్లోకి వచ్చింది. కింది అరలో ఉన్న నోటుపుస్తకాలు గంజిలో నానినట్టు అయిపోయాయి. "ఎక్కించేశాను కాబట్టి బతికిపోయాను," అని నవ్వారు. అప్పటి నుంచి ఏ రోజుది ఆ రోజు తిన్నగా కంప్యూటరులోనే రాస్తున్నారు.

కాలిపోయింది పవర్ సప్లై. అది మార్చాను. పాత డ్రైవు నెమ్మదిగా ఉందని, దాన్ని తియ్యకుండానే పక్కన కొత్త రకం డ్రైవు ఒకటి వేసి, కంప్యూటరు దాంట్లోంచి లేచేలా చేశాను. ఆవిడ ఫైళ్ళు పాత డ్రైవులోనే, ఒక ఫోల్డరులో, నెలకొకటి చొప్పున భద్రంగా ఉన్నాయి. అది నా కళ్ళతో చూశాను. కొట్లో ఇంకో ఇద్దరు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. సీపీయూ మూట కట్టిస్తూ, తల ఎత్తకుండానే, "ఇవన్నీ పైన పెట్టుకోండి టీచరుగారూ. పైన పెడితే ఏమీ కాదు," అన్నాను. చెయ్యి ఎత్తి చూపించానో లేదో గుర్తు లేదు. చూపించి ఉండను. రెండు చేతులూ ముడి వెయ్యడంలో ఉన్నాయి. ఆవిడ సంచీలోంచి చిన్న పుస్తకం తీసి, రాసుకున్నారు.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి అడిగారు. "ఇవన్నీ నెట్‌లో కనబడేలా చెయ్యచ్చటగా? కొల్లేరు ఎన్నో మెట్టు మీద ఉండేదో ఎవరైనా చూసుకునేలాగ. నేనుండగా చూసుకోవాలని ఉందమ్మా." మెడలో తాడుకి వేలాడుతున్న ఖాళీ పెన్‌డ్రైవు తీసి, "ఇందులో ఎక్కించి ఇవ్వనా?" అన్నారు.

"ఇప్పుడొద్దండీ. ముందు ఏ భాషలో చెయ్యాలో తేల్చుకోనివ్వండి. అప్పుడు నేనే అడిగి తీసుకుంటాను," అన్నాను.

పెన్‌డ్రైవు మళ్ళీ మెళ్ళో వేసుకున్నారు.

వెబ్‌సైట్లు చెయ్యడానికి ఏ భాష నేర్చుకోవాలన్నది అప్పటికే నా మెడకు చుట్టుకున్న ప్రశ్న. బల్లి గుడ్లు ఊడ్చి ఊడ్చి విసుగొచ్చింది. కొట్టు మూసేసి, చల్లగా ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు చేసుకుందామని ఆశ. టీచరుగారి మెట్ల లెక్క నాకు మొదటి సైటు అవుతుందనుకున్నాను. అసలు సంగతి ఒప్పుకోవాలంటే, ఆవిడ పని నాకు మంచి సాకులా దొరికింది. అక్కడ నేను ఆలోచించింది ఆవిడ కొల్లేరు గురించి కాదు, నా గురించి.

నాతో డిగ్రీ చదివిన ఒకడు తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల గోడౌను పై అంతస్తులో కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నాడు. పాసింజరు ఎక్కి వెళ్ళి అడిగాను. "పీహెచ్‌పీ నేర్చుకో, ఎక్కడ చూసినా అదే," అన్నాడు. ఆదివారం ఆదివారం వెళ్ళి నేర్చుకున్నాను. ఇంటికొచ్చాక చీర కొంగు కూడా ఉల్లి వాసన వేసేది. నాలుగు నెలలకి మొదటి పేజీ అయింది. పైన స్వాగతం అని అక్షరాలు, కింద ఖాళీ. చూపిస్తే వాడు పెదవి విరిచాడు. "దాన్ని ఇప్పుడెవరు ముట్టుకుంటున్నారు? పైథాన్‌కి మారిపో." మారిపోయాను. మళ్ళీ స్వాగతం దగ్గర మొదలు. ఆరేడు నెలలకి, "అంతా జావాస్క్రిప్టే, ముందూ వెనకా ఒకటే భాష, హాయి," అన్నాడు. మళ్ళీ స్వాగతం. వీడియోల్లో ఒకడు ఇది చచ్చిపోయిందంటాడు, ఇంకొకడు ఇదే మిగతావాటిని చంపిందంటాడు. వాళ్ళ మాటలు విని విని నాకు నిద్రలో కూడా ఒక భాష చచ్చి ఇంకోటి పుడుతుండేది.

టీచరుగారు నెలకోసారి ఫోను చేసేవారు.

"ఏవమ్మా, భాష దొరికిందా?"

"ఇంకా లేదండీ. ఒకటి అనుకుంటే ఇంకోటి మంచిదంటున్నారు."

"తెలుగుంది కదమ్మా, ఇంకే భాష వెతుకుతున్నావు?"

ఆవిడ వేళాకోళం ఆడారు, నేను నవ్వేశాను. తెలుగు అక్షరాలు పేజీలో సరిగ్గా పడుతున్నాయో, ఒత్తులు విడిపోతున్నాయో చూడ్డానికి ఏదో ఒకటి కావాలి, ఒక్క రోజుది చదవండి అన్నాను. చదివారు. నేను ఫోను చెవికి ఆనించుకుని టైపు చేసుకున్నాను. అదే ముక్కని మూడు సైట్లలోనూ స్వాగతం కింద పెట్టి చూసుకున్నాను. ఒత్తులు బాగానే పడ్డాయి.

ఇప్పుడు తెలిసిన సంగతి అప్పుడూ తెలుసు. ఆవిడకి కావలసిన దానికి ఏ భాషా అక్కర్లేదు. రోజు, దాని కింద నాలుగు వాక్యాలు, అవి కనబడేలా ఉత్త పేజీలు చాలు. పెన్‌డ్రైవు చేతిలో ఉంటే ఒక మధ్యాహ్నం పని. కానీ ఉత్త పేజీ చేస్తే నేను నేర్చుకున్నట్టు ఎలా అవుతుంది? రెండున్నరేళ్ళు ఇలా గడిపాను.

మూడో ఏడు వానాకాలంలో టీచరుగారి కంప్యూటరు మళ్ళీ వచ్చింది. ఆవిడ రాలేదు, వాళ్ళ ఊరి ఆటో అతనితో పంపారు. అదే చీర మూట. వేస్తే లేస్తోంది, నీలం తెర పడుతోంది, మళ్ళీ మొదటికొస్తోంది. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాను. వేరే ర్యామ్ పెట్టి చూశాను. లాభం లేకపోయింది. అలాంటప్పుడు డ్రైవు ఊడదీసి, నా కంప్యూటరుకి తగిలించి, లోపల ఏముందో చూసుకుని, అంతా దింపుకున్నాకే కొట్టాలి. ఐదు నిమిషాల పని. పద్దెనిమిదేళ్ళలో వెయ్యిసార్లు చేశాను. ఆ రోజు బయట వాన, లోపల నలుగురు, కరెంటు పోతూ వస్తూ ఉంది. ఆవిడకి ఫోను చేశాను.

"ఫార్మాట్ కొడితేగాని లాభం లేదండీ. మీ ఫైళ్ళన్నీ ఎక్కడున్నాయండీ?"

"అన్నీ పైన పెట్టానమ్మా. నువ్వు చెప్పినట్టే."

"పైనే ఉన్నాయి కదండీ? కొట్టేస్తాను మరి."

"కొట్టెయ్యమ్మా."

కొట్టేశాను. అరగంటలో కంప్యూటరు లేచి కూర్చుంది. పాత డ్రైవు జోలికి పోలేదు, అందులో చర్చి పాటల వీడియోలు ఉన్నట్టు కనబడ్డాయి. మిగతావి పైన ఉన్నాయి కదా అనుకున్నాను. టీ తెప్పించుకుని తాగాను కూడా.

మర్నాడు వాన తెరిపిచ్చింది. టీచరుగారు తానే వచ్చారు. బల్ల ముందు కూర్చోబెట్టి, కంప్యూటరు వేసి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని తెర వంక చూశారు. నీలం రంగు, మూలన రెండు గుర్తులు, అంతే. కాసేపు చూసి, "నావి ఇంకా రాలేదా?" అన్నారు.

"ఏవండీ?"

"ఇక్కడ పైన ఉండేవమ్మా." వేలు తెర మీద ఆనించి, ఒక వరస, ఇంకో వరస, చూపించారు. "ఇదిగో, ఇక్కడంతా. లోపల ఫోల్డర్లో ఉంటే, నువ్వు చెప్పాక ఒక్కొక్కటీ అక్కడ కట్ చేసి, పైకి తెచ్చి పెట్టాను. తెర నిండిపోయి, వెనకాల ఆయన ఫొటో కనబడ్డం మానేసింది."

 పాత డ్రైవులో భద్రంగా ఉన్నవాటిని నా మాట విని, నేను వేసిన కొత్త డ్రైవులోకి, నేను కొట్టబోయే చోటికి, వరసగా తెచ్చి పెట్టారు. మనిషికి తెర పైన కనబడేదే పైన. ఇంకో పైన ఉందని ఆవిడకి ఎలా తెలుస్తుంది?

"పైన అంటే ఇది కాదండీ," అన్నాను.  "పైన అంటే నెట్‌లో అండీ."

ఆవిడ సంచీలోంచి చిన్న పుస్తకం తీశారు. పేజీ తిప్పి నా ముందు పెట్టారు. పిల్లలకి కాపీ రాయించే గుండ్రటి అక్షరాలతో ఉంది. అన్నీ పైన పెట్టాలి. పైన పెడితే ఏమీ కాదు.

"నెట్ అని చెప్పలేదేమ్మా నువ్వు," అన్నారు. నిష్ఠూరంగా అనలేదు. పరీక్షలో పిల్లాడు ఎక్కడ తప్పాడో చూసుకునే టీచరులా, ఎక్కడ తప్పు రాసుకున్నానా అని ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదువుకున్నారు. ఆవిడ తప్పు రాసుకోలేదు. నేను చెప్పింది చెప్పినట్టే రాసుకున్నారు. తిట్టి ఉంటే తల దించుకుని ఏడ్చి ఊరుకునేదాన్ని. తన తప్పే అయి ఉంటుందని వెతుక్కోవడం చూసి తట్టుకోలేకపోయాను.

"ఏమైనా వస్తాయాండీ అని అడుగుతారు కదా నీ దగ్గర అందరూ," అన్నారు కాసేపటికి. "నేనూ అడుగుతున్నానమ్మా. అన్నీ రాకపోయినా ఆయన పోయిన రోజుది వస్తుందా?"

చూస్తానండీ అన్నాను. రాదని ఆ క్షణంలోనే తెలుసు. నేను వేసిన కొత్త రకం డ్రైవులో చెరిపింది చెరిపినట్టే పోతుంది. అయినా రెండు డ్రైవులూ ఊడదీసుకుని మధ్యాహ్నం పాసింజరుకి తాడేపల్లిగూడెం పరిగెత్తాను. భీమడోలు దాటాక రెండు వైపులా చెరువులు వానకి నిండి ఒకటే నీరుగా ఉన్నాయి. వాటిని చూడలేక కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఇన్‌స్టిట్యూట్ నడిపే మావాడు పాత డ్రైవుని రెండు రోజులు వెతికాడు. ఫైళ్ళు ఒకప్పుడు ఉన్న చోట్లని చర్చి పాటల వీడియోలు ఆక్రమించేశాయి. ఏడెనిమిది ఫైళ్ళ పేర్లు మాత్రం వచ్చాయి. తెరిస్తే అక్షరాలకి బదులు గళ్ళు, గళ్ళు, గళ్ళు. అందులో ఆయన పోయిన నెల పేరూ ఉంది. అదీ తెరిచాం, అందులోనూ గళ్ళే.

"ఇంతకీ దీన్ని ఏ భాషలో చేద్దామనుకున్నావు?" అని అడిగాడు మావాడు, మాట మార్చడానికి. వాణ్ణి కొట్టబోయి ఆగాను. వాడి తప్పేముంది? ప్రతిసారీ వెళ్ళి అడిగింది నేనే.

టీచరుగారికి చెప్పడానికి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఫోనులో చెప్పడానికి ధైర్యం లేక వెళ్ళాననుకున్నాను, అక్కడికెళ్ళాక కూడా ధైర్యం రాలేదు. ఆవిడే నా మొహం చూసి, "సరేలేమ్మా," అన్నారు. మంచినీళ్ళిచ్చారు. వంటింటి పక్కన పెరటి తలుపు గడియ వేసి ఉంది. మెట్లు చూస్తానని అడగలేకపోయాను.

ఆ తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మూడు భాషల్లో మొదలుపెట్టిన మూడు సైట్లనీ తీసేసి, ఏ భాషా లేకుండా ఒక ఉత్త పేజీ చేశాను. టీ చల్లారేలోపల అయిపోయింది. అందులో ఆవిడ నాకు ఫోనులో చదివిన ఒక్క రోజు ఉంది. మిగిలింది అదొక్కటే. ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవడానికి రాసుకున్నది.

*మూడో మెట్టు తడిసింది. నీళ్ళు టీ రంగు. గూడబాతులు రెండు గుంపులు, ఉత్తరం నుంచి. జెల్లలు తప్ప ఏమీ పడలేదు. ఆయనకి దగ్గు తగ్గింది.*

లింకు పంపి, ఫోను చేశాను. అక్కడే ఉండమ్మా అని, తన ఫోనులోనే తెరిచి, పైకి చదివారు. మూడో మెట్టు తడిసింది అనేటప్పుడు గొంతు బాగానే ఉంది. చివరి వాక్యం దగ్గరికొచ్చి, ఆయనకి దగ్గు, అని ఆగిపోయారు. వేలితో పేజీని కిందికి లాగుతున్నట్టున్నారు. కింద ఏమీ లేదు.

 నోటికొచ్చింది అడిగాను.

"ఇవాళ ఎన్నో మెట్టు మీదున్నాయండీ నీళ్ళు?"

"చూడలేదమ్మా," అన్నారు. "ఆ తలుపు తియ్యడం లేదు."